షుగర్ తగ్గని మనిషి, ఇల్లు నిద్రపోయాక తిండి: బింజ్ ఈటింగ్ డిజార్డర్ కేస్ స్టడీ

రిఫరల్ చీటీలో ఉన్నది రెండే ముక్కలు: "షుగర్ కంట్రోల్‌లో లేదు. పథ్యం చేయడు."

పేషెంట్ 'ర', వయసు 41. జిల్లా కేంద్రంలో హార్డ్‌వేర్ దుకాణం. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు, నడుము 112 సెంటీమీటర్లు, హెచ్‌బీఏ1సీ (గడిచిన మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 9.1, బీపీ 146/94. ఆరేళ్లుగా టైప్ 2 డయాబెటిస్. మెట్‌ఫార్మిన్ 1000 మిల్లీగ్రాములు రెండు పూటలా, గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి. రెండేళ్లలో ముగ్గురు డాక్టర్లు మారారు, నాలుగు డైట్ చార్టులు మారాయి. రాత్రి పదకొండు దాటాక ఏం తింటున్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక్కడ వచ్చే 'ర', తర్వాత వచ్చే 'ల' నిజంగా ఒక్కొక్క వ్యక్తి కారు. ఇలాంటి కేసుల్లో పదే పదే ఎదురయ్యే వివరాలను బోధన కోసం కలిపి కూర్చిన పేషెంట్లు. లెక్కలను కూడా అలాగే చూడాలి.

రోజంతా ఏం జరుగుతోంది

"ఏం తింటారు?" అని అడిగితే పేషెంట్ డైట్ చార్టు అప్పజెబుతాడు. "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి గంట గంటకీ చెప్పండి" అంటేనే అసలు సంగతి బయటపడుతుంది. 'ర' చెప్పింది ఇది. పొద్దున ఏమీ తినరు, ఫాస్టింగ్ మంచిదని వీడియోల్లో విన్నారు. కానీ గ్లిమెపిరైడ్ మాత్రం పరగడుపునే వేసుకుంటారు. దుకాణంలో నాలుగైదు టీలు, చక్కెర లేకుండా. రెండింటికి గ్లాసుడు రాగిజావ, కాసిని కీరా ముక్కలు. సాయంత్రం అయిదయ్యేసరికి చేతులు వణుకు, చెమట, పనివాళ్ల మీద కోపం. ఆ వేళ గ్లూకోమీటర్ పెడితే 64, ఇంకో రోజు 61. పక్కకొట్టు బిస్కెట్ ప్యాకెట్ ఒకటి తెరిస్తే ఖాళీ అయ్యేదాకా చేయి ఆగదు. రాత్రి పదింటికి ఇంటికి చేరాక రెండు పుల్కాలు, బీరకాయ కూర. మూడోది అడిగితే భార్య "షుగర్ ఉంది కదండీ, చాలు" అంటారు.

ఆ తర్వాతి భాగాన్ని ఆయన తనంతట తాను చెప్పలేదు. "అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లడం ఉంటుందా? చాలామందికి ఉంటుంది" అని అడిగాక చెప్పారు. "చాలామందికి" అన్న ఆ ఒక్క మాట లేకపోతే ఈ ప్రశ్నకు నిజమైన జవాబు రాదు. పదకొండున్నరకి గిన్నెలో మిగిలిన అన్నం మూడు నాలుగు కప్పులు ఆవకాయ, నెయ్యితో, ఆ పైన పావుకిలో మిక్చర్, అర ప్యాకెట్ బ్రెడ్, పిల్లల కోసం తెచ్చిన కాజాలు ఆరేడు. అంతా నిలబడే, ఇరవై నిమిషాల్లో. రెండో ముద్ద తర్వాత రుచి తెలియదన్నారు. కడుపు నొప్పి పుట్టాకే ఆపేవారు. ఖాళీ కవర్లు కారు డిక్కీలోకి చేరేవి. వాంతి చేసుకోవడం గానీ, విరేచనాల మందు వాడడం గానీ లేదు. వారానికి అయిదారు రాత్రులు ఇలాగే, పద్నాలుగు నెలలుగా.

రోగ నిర్ధారణ

అదుపు తప్పి ఒక్కసారిగా చాలా తినడమే బింజ్. ఈ రకం తిండిని అమెరికన్ సైకియాట్రిస్ట్ ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే వర్ణించారు. విడి జబ్బుగా గుర్తింపు వచ్చింది మాత్రం 2013లో, అమెరికన్ సైకియాట్రిస్టుల రోగ నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 తో. దాని ప్రకారం రెండు విషయాలు కలిసి ఉండాలి. ఒకటి, అదే సమయంలో, అదే పరిస్థితిలో ఎక్కువ మంది తినేదానికంటే స్పష్టంగా ఎక్కువ తినడం. రెండు, ఆపుకోలేకపోతున్నామన్న భావన. దీనికి తోడు అయిదు గుర్తుల్లో మూడైనా ఉండాలి: మామూలు కంటే చాలా వేగంగా తినడం, పొట్ట ఇబ్బంది పెట్టేదాకా తినడం, ఆకలి లేకపోయినా చాలా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తర్వాత తన మీద తనకే అసహ్యం లేదా దిగులు. సగటున వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు జరగాలి. 'ర'కి అయిదు గుర్తులూ ఉన్నాయి. వారానికి 4 నుంచి 7 బింజ్‌లు ఉంటే మధ్యస్థ తీవ్రత కిందికి వస్తుంది, ఈయనది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 కొలత కొంచెం వేరు. అందులో తిన్న మోతాదు అంత పెద్దది కాకపోయినా, అదుపు తప్పిన భావన బలంగా ఉంటే లెక్కలోకి తీసుకోవచ్చు.

పెళ్లి విందులో రెండు మూడు విస్తళ్ల భోజనం చేసినవాడు బింజ్ చేసినట్టు కాదు. వద్దనుకుంటే ఆపగలడు, తర్వాత కవర్లు దాచుకోడు. మగవాళ్ల దగ్గర ఈ తేడాను రాబట్టడం కష్టం. "కంట్రోల్ తప్పుతుందా?" అంటే "అబ్బే, నాకు తిండి ఇష్టమండీ" అంటారు. "సగం తిన్నాక తలుపు ఎవరైనా తడితే ఆపి వెళ్లిపోగలరా, వాళ్లు వెళ్లాక మళ్లీ మొదలుపెడతారా?" అని అడిగితే జవాబు మారుతుంది. 'ర' విషయంలో మారింది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. బులీమియా అంటే బింజ్ చేసి, బరువు పెరగకుండా వాంతి, విరేచనాల మందు, ఉపవాసం లాంటివి చేసే జబ్బు. పొద్దున తినకపోవడం అందులో చెప్పే ఉపవాసమా? బింజ్ వల్ల బరువు పెరగకుండా ఉండాలని, మెలకువగా ఉన్న ఎనిమిది గంటలో అంతకంటే ఎక్కువో క్రమం తప్పకుండా తిండి మానేస్తుంటే బులీమియా వైపు ఆలోచించాలి. ఈయన రెండింటికల్లా ఏదో ఒకటి తాగుతున్నారు, ఫాస్టింగ్ మొదలైంది బింజ్‌ల కంటే ముందు, అదీ షుగర్ కోసం. అందుకని బులీమియా కాదని తేల్చాం. నైట్ ఈటింగ్ సిండ్రోమ్ కూడా కాదు. అందులో రాత్రి నిద్ర మధ్యలో లేచి కొద్ది కొద్దిగా తింటారు, పొద్దున ఆకలి ఉండదు. ఈయనకు పొద్దున ఆకలి వేస్తుంది, దాన్ని నొక్కిపెడుతున్నారు.

ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మానసిక జబ్బుల మందులు, స్టెరాయిడ్లు ఆకలిని విపరీతంగా పెంచుతాయి కనుక వాడిన మందులన్నీ ఒకసారి చూడాలి. ఈయనకు అవేవీ లేవు. డిప్రెషన్ కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో స్కోరు 13, అంటే మధ్యస్థ స్థాయి డిప్రెషన్. ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగాం, లేవన్నారు. గురక, పగటి మత్తు ఉన్నందున స్లీప్ స్టడీకి పంపాం. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), లివర్ పరీక్షలు, లిపిడ్లు మొదటి వారంలోనే చేయించాం.

ఎందుకు ఆగడం లేదు

పగటి లోటే రాత్రి బింజ్‌ని తయారు చేస్తోంది. పద్నాలుగు గంటలు సరిగా తినని శరీరం, పైగా గ్లిమెపిరైడ్ తోసిన హైపో, అంటే షుగర్ మరీ పడిపోవడం. 60ల్లో ఉన్న షుగర్ మనిషిని తీపి వైపు లాగడం మనోబలం తక్కువై కాదు, శరీరం చేసే ఆత్మరక్షణ. 1944-45లో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు సగం తిండి పెట్టి చూశారు. మళ్లీ కావలసినంత తిండి దొరికాక వారిలో కొందరు కడుపు పగిలేలా తిన్నా ఆకలి తీరలేదన్నారు. అంతకుముందు వాళ్లెవరికీ తిండి సమస్య లేదు, వాళ్లంతా మగవాళ్లే. 'ర'కి ఈ ప్రయోగం గురించి చెప్పినప్పుడు ఎక్కువ ఆసక్తిగా విన్నారు.

లోటు మీద నియమం వచ్చి కూర్చుంటుంది. "అన్నం విషం" అని నమ్మినవాడు ఒక ముద్ద తినగానే "ఎలాగూ తప్పాను, ఇవాళ్టికి కానీ, రేపటి నుంచి గట్టిగా ఉంటాను" అనుకుంటాడు. ఆ రేపటి గట్టిదనమే మర్నాటి రాత్రి బింజ్‌కి పునాది. ఈయనకు మూడో పొర కూడా ఉంది. అప్పు మీద సరుకు తీసుకుని డబ్బివ్వని వాళ్ల గురించి ఇంట్లో చెప్పుకోలేరు, అడగనూ లేరు. తండ్రి 52 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఇంటిల్లిపాదీ నిద్రపోయాక ఆ భయం, ఆ లెక్కలు మీద పడేవి. తింటున్న ఇరవై నిమిషాలూ మాత్రం ఏ ఆలోచనా ఉండదన్నారు.

చికిత్స

ముందు మందుల సంగతి తేల్చాలి. పగటిపూట తినమని చెప్పే ముందు ఫిజీషియన్‌తో మాట్లాడి గ్లిమెపిరైడ్ ఆపించి, తనంతట తాను హైపో తెచ్చే అవకాశం తక్కువగా ఉన్న మందుకు మార్పించాం. ఈ అడుగు వదిలేసి కౌన్సెలింగ్ మొదలుపెడితే పేషెంట్ సాయంత్రం ఎందుకు ఓడిపోతున్నాడో ఎప్పటికీ అర్థం కాదు. ఇన్సులిన్ వాడేవారిలో ఇంకా జాగ్రత్త కావాలి. బింజ్ తర్వాత ఇష్టం వచ్చినంత డోసు వేసుకునేవారూ ఉంటారు, బరువు పెరుగుతుందని అసలు మానేసేవారూ ఉంటారు. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే.

బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ 2017లో చెప్పిన వరస మాకు ఆధారం. మొదట గైడెడ్ సెల్ఫ్-హెల్ప్, అంటే సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే మాటల చికిత్స) పద్ధతిని పేషెంట్ స్వయంగా చేసుకుంటుంటే 16 వారాల్లో 4 నుంచి 9 చిన్న సిట్టింగ్‌లతో దారి చూపడం. ఒక్కొక్కటి 20 నిమిషాలు. నాలుగు వారాల్లో ఫలితం కనిపించకపోతే గ్రూప్ సీబీటీ, అది కుదరకపోతే విడిగా 16-20 సెషన్లు. గ్రూపులు మన ఊళ్లలో దొరకవు, దొరికినా అందరికీ తెలిసిపోతుందన్న భయం ఉంటుంది. 'ర'కి డిప్రెషన్ కూడా ఉండడంతో నాలుగో వారం తర్వాత వ్యక్తిగత సీబీటీకి మార్చాం.

మొదటి పని రాసుకోవడం. జేబులో పట్టే పుస్తకం, అయిదు గళ్లు: టైము, ఏం తిన్నారు, ఎక్కడ, బింజ్ అయితే చుక్క, అప్పుడు ఏం జరిగింది. కేలరీలు రాయకూడదు. తిన్న వెంటనే రాయాలి. ఎప్పుడూ తేడా వచ్చేది ఇక్కడే, రాత్రి పడుకునే ముందు రోజంతా గుర్తు తెచ్చుకుని రాస్తారు, చెడ్డ రోజుల పేజీ ఖాళీగా ఉంటుంది. 'ర' మొదటి వారం పుస్తకంలో మూడు రాత్రులు లేవు. చేతులకు సిమెంటు, గ్రీజు అంటుకుని ఉంటాయి కాబట్టి వాట్సాప్‌లో తనకు తానే వాయిస్ మెసేజ్ పెట్టుకోమన్నాం. పుస్తకం కంటే అది బాగా నడిచింది.

రెండోది వేళకు తినడం. మొత్తం చికిత్సలో ఎక్కువ పని చేసేది ఇదే, పేషెంట్లు ఎక్కువ భయపడేదీ దీనికే. మూడు పూటల భోజనం, రెండు మూడు చిరుతిళ్లు, రెంటి మధ్య నాలుగు గంటలకు మించిన ఎడం ఉండకూడదు. 'ర' ప్రణాళిక: ఏడున్నరకి మూడు ఇడ్లీలు లేదా పెసరట్టు ఒకటి, అల్లప్పచ్చడి. పదకొండుకి గుప్పెడు వేరుశనగలు, మజ్జిగ. ఒకటిన్నరకి క్యారేజీ, అందులో వండిన అన్నం కప్పున్నర, పప్పు, కూర, పెరుగు. అయిదింటికి శనగ గుగ్గిళ్లు లేదా ఉడికించిన గుడ్లు రెండు. ఎనిమిదిన్నరకి రాత్రి క్యారేజీ దుకాణంలోనే. ఇంటికి వెళ్లాక పాలు, పండు. ఆకలి వేసినా వేయకపోయినా టైముకి తినాలి. ఎన్నో నెలలుగా నొక్కిపెట్టిన ఆకలి వెంటనే సరైన సంకేతం ఇవ్వదు.

రెండో వారం బరువు 800 గ్రాములు పెరిగింది. పొద్దున టిఫిన్ మానేస్తానన్నారు. దాదాపు ప్రతి పేషెంటూ ఇక్కడికి వస్తారు, కొంతమంది ఇక్కడే వెళ్లిపోతారు. అందుకని ముందే చెప్పి ఉంచాలి: పేగుల్లో తిండి, ఒంట్లో నీరు కలిసి కిలో అటూ ఇటూ ఊగుతుంది, నాలుగు వారాల ధోరణి చూడనిదే ఏమీ తేల్చలేం. బరువు వారానికి ఒక్కసారే, ఒకే రోజు, ఒకే టైముకి చూడాలి. ఆరో వారానికి ఆయన బరువు మొదటి అంకెకి వచ్చేసింది, బింజ్‌లు వారానికి రెండుకి దిగాయి.

భార్యను ఒక సిట్టింగ్‌కి పిలిచాం. ఆమె వంటింటి గదికి తాళం వేయడం మొదలుపెట్టారు, మంచి ఉద్దేశంతోనే. తాళం పడ్డాక తిండి ఇంట్లోంచి కారులోకి మారింది, శనివారాలు బిర్యానీ పార్సిల్ దారిలోనే ఖాళీ అయ్యేది. తాళం తీసేయమని, "మళ్లీ తిన్నారా?" బదులు "ఎనిమిదిన్నర క్యారేజీ తిన్నారా?" అని అడగమని చెప్పాం. కంచం మీద లెక్క పెట్టడం, పిల్లల ముందు షుగర్ ఊసెత్తడం ఆపారు. ఆమె ఏడ్చారు. రెండేళ్లుగా తానేదో తప్పు వండుతున్నానని అనుకున్నారట. ఇంటివాళ్లకు తప్పు అంటగట్టకుండా పని అప్పగించాలి.

ఎనిమిదో వారం నుంచి మిగిలిన ప్రతి బింజ్‌నూ నాలుగు ప్రశ్నలతో విప్పాం. ఆ రోజు తక్కువ తిన్నారా? ఏదైనా తిండి నియమం తప్పారా? మందు తాగారా? మనసుని కలచివేసే సంగతి జరిగిందా? 'ర' జాబితాలో మొదటి రెండూ తగ్గిపోయి చివరి రెండూ మిగిలాయి. శనివారం రాత్రి స్నేహితులతో రెండు పెగ్గులు, నంజుకోవడానికి చికెన్, ఇంటికొచ్చి బింజ్. బాకీ అడగలేకపోయిన రోజులు. మందుకి కూర్చునే ముందు భోజనం చేయడం మొదలుపెట్టారు. బాకీలకు కాగితం మీద పరిష్కారాలు రాయించి, ప్రతి మంగళవారం ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసే అలవాటు చేయించాం. కోరిక ముంచుకొచ్చినప్పుడు చేయడానికి చేతులు ఖాళీగా ఉంచని పనులు కావాలి. ఈయనకు పని చేసినవి స్నానం, మేడ మీద నడక, అన్నయ్యకి ఫోన్. టీవీ పని చేయలేదు, టీవీ ముందు తినడం పాత అలవాటు.

నిషిద్ధ పదార్థాలను వెనక్కి తెచ్చింది పదో వారంలో, వేళకు తినడం కుదురుకున్నాక. అంతకుముందే తెస్తే బింజ్ ప్రమాదం పెరుగుతుంది. ఆవకాయన్నం మధ్యాహ్నం క్యారేజీలో, రెండు ముద్దలు. ఆదివారం బిర్యానీ ఇంట్లో బల్ల దగ్గర అందరితో, పొద్దున టిఫిన్ తిన్నాక. కాజా ఒకటి, పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని. షుగర్ పేషెంట్‌కి కాజానా అని ఫిజీషియన్ అడిగారు. వారానికి ఒక కాజా, రాత్రికి ఏడు కాజాలు, ఈ రెండింట్లో ఏది హెచ్‌బీఏ1సీని పెంచుతోందో లెక్క వేసి చూపించాక ఒప్పుకున్నారు.

మందుల విషయంలో సైకియాట్రిస్ట్ డిప్రెషన్‌కి సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఈ తరగతి మందులు బింజ్‌లను కొంత తగ్గించవచ్చు, బరువుని పెద్దగా కదపవు. మందు ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని నైస్ స్పష్టంగా చెబుతుంది. అమెరికాలో ఈ జబ్బుకి 2015లో లిస్‌డెక్సాంఫెటమిన్‌ని ఆమోదించారు, అది బీపీని, గుండె వేగాన్ని పెంచే ఉత్ప్రేరకం, వ్యసనం అయ్యే ప్రమాదమూ ఉంది. 'ర' లాంటి బీపీ పేషెంట్‌కి తగదు. మూర్ఛకు వాడే టోపిరమేట్ పని చేస్తుంది గానీ మాట తడబాటు, మతిమరుపు, కిడ్నీ రాళ్లు తేగలదు. 2025లో మన దేశంలోకి వచ్చిన వారానికొక ఇంజెక్షన్లు, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్, ఆకలిని బాగా తగ్గిస్తాయి కానీ బింజ్ ఈటింగ్‌కి ఆమోదించినవి కావు. వాటిని రాసే ముందు బింజ్ గురించి అడగకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం. పగలంతా ఏమీ తినకుండా ఉండడం వాటితో ఇంకా తేలికవుతుంది.

ఇరవై వారాలకు 'ర' పరిస్థితి: గడిచిన నాలుగు వారాల్లో ఒక్క బింజ్, పీహెచ్‌క్యూ-9 స్కోరు 5, హెచ్‌బీఏ1సీ 7.6. బరువు 96 కిలోలు. రెండు కిలోలు తగ్గడం కొంతమందికి వైఫల్యంలా కనిపిస్తుంది. ఈ చికిత్స బరువు తగ్గించేది కాదని మొదటి రోజే చెప్పాలి, లేకపోతే పేషెంట్ బింజ్‌లు ఆగిన ఆనందాన్ని కూడా తూకం మీద పెట్టి పోగొట్టుకుంటాడు.

అదే జబ్బు, వేరే ముఖం

'ల', 27 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పీజీ హాస్టల్. పీసీఓఎస్‌కి (అండాశయాల హార్మోన్ సమస్య) చూపించుకోవడానికి వెళ్తే పది కిలోలు తగ్గి రమ్మన్నారు. అన్నం పూర్తిగా మానేసి కీటో మొదలుపెట్టింది. పద్దెనిమిదో రోజు నుంచి బింజ్‌లు. రూమ్‌మేట్లకు తెలియకుండా రెండు యాప్‌ల నుంచి వేర్వేరు టైముల్లో ఆర్డర్లు, గేటు దగ్గరే అందుకోవడం. నెలసరికి ముందు వారం ఎక్కువ. రోజుకు నాలుగుసార్లు బరువు చూసుకునేది. ఫొటోల్లో పక్కకి తిరిగి నిలబడేది. వాళ్లమ్మ ప్రతి ఫోన్‌లోనూ "సన్నబడ్డావా తల్లీ? సంబంధం వాళ్లు వచ్చే నెల వస్తామన్నారు" అనేవారు.

'ర'కి తన ఆకారం గురించి పెద్ద పట్టింపు లేదు, 'ల'కి తన విలువంతా అందులోనే ఉంది. అందుకే వేళకు తినడం ఇద్దరికీ ఒకటే అయినా ఆమెతో సగం సెషన్లు తూకం, అద్దం, ఫొటో, పోలిక, వీటి మీదే గడిచాయి. బరువు వారానికి ఒక్కసారికి తగ్గించడం ఆమెకు అన్నం తినడం కంటే కష్టమైంది. తల్లితో ఆమె సమ్మతి తీసుకునే మాట్లాడాం, మూడు నెలలు ఫోన్‌లో ఒంటి సంగతి ఎత్తకూడదన్న ఒప్పందం కుదిరింది, రెండుసార్లు తప్పింది. టోపిరమేట్ గురించి అడిగింది. గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది, గర్భనిరోధక మాత్రల పనిని తగ్గించగలదు, పెళ్లి మాటలు నడుస్తున్న ఆమెకు వద్దని చెప్పాం.

అమెరికాలో 2007లో వచ్చిన జాతీయ సర్వే ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వచ్చేది ఆడవాళ్లలో 3.5 శాతానికి, మగవాళ్లలో 2 శాతానికి. తిండి జబ్బులన్నింటిలో ఆడ, మగ తేడా ఇంత తక్కువగా ఉండడం అరుదు. అయినా మగవాడికి "బాగా తింటాడు" అన్న మెప్పు, ఆడపిల్లకి "లావైంది, తగ్గాలి" అన్న తీర్పు. ఇద్దరూ చేరేది మళ్లీ డైట్ చార్టు దగ్గరికే, అది పగటి లోటుని ఇంకా పెంచుతుంది.

బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీకి పంపేవారు కూడా ముందుగా అడగాలి. సర్జరీ తర్వాత పొట్టలో పట్టేది తగ్గుతుంది, అదుపు తప్పిన భావన తిరిగి రావచ్చు. అప్పుడు కొద్దికొద్దిగా గంటల తరబడి తింటూ పోతారు.

ఆరు నెలల ఫాలో-అప్‌లో సంక్రాంతి వారం 'ర'కి రెండు బింజ్‌లు వచ్చాయి. అరిసెల డబ్బా, పెద్ద బాకీ ఎగ్గొట్టిన కబురు, రెండూ ఒకే రోజు. మర్నాడు టిఫిన్ మానకుండా ఏడున్నరకే తిన్నారు. మూడో బింజ్ రాలేదు. తిరగబెట్టినప్పుడు ఏం చేయాలో చివరి సెషన్‌లో సొంత చేతితో రాసుకున్న కాగితంలో మొదటి వాక్యం అదే: "మర్నాడు పొద్దున తిను."

వాంతులు చేసుకోవడం, విరేచనాల మందులు, ఇన్సులిన్ ఎగ్గొట్టడం, చచ్చిపోవాలన్న ఆలోచన, వీటిలో ఏది కనిపించినా సెల్ఫ్-హెల్ప్ దశ దాటేసి వెంటనే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాలి. దగ్గరలో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416 కి ఫోన్ చేస్తే ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు.